ముందు గుర్తు, పక్క గుర్తు

హోమర్, అలాస్కా
మార్చి 3

శ్రీ ఆర్నే ఫోస్ గారికి,

‘నీ గుర్తు నేను చూడను, నా గుర్తు నువ్వు చూడకు.’ ఈ మాట మీకు జ్ఞాపకం ఉందో లేదో నాకు తెలియదు. నలభై ఏళ్ల కిందట, చేతులకు హెర్రింగ్ చేపల పొలుసులు అంటుకుని ఉండగా, నా పడవలో నిలబడి మీరు నాకిచ్చిన మాట ఇది. నేను నిలబెట్టుకున్నాను. మీరు నిలబెట్టుకోలేదు.

కారణం కూడా గుర్తు చేస్తాను. మరిచిపోవడం మీ వంశంలో కొందరికి చాలా సులువు. సముద్రం అడుగున పెద్ద చేపలు చేరే గుంటకు గుమ్మం ఉండదు. ఎదురుగా ఒడ్డున ఉన్న రెండు వస్తువులు ఒకే గీతలోకి వచ్చేలా పడవ నడపాలి. పక్కన ఉన్న మరో రెండు కూడా అలా కలిసినచోట ఆపాలి. ముందు గుర్తు నాది. చుక్కాని దగ్గర నిలబడి నేను చూసేవాణ్ణి. పక్క గుర్తు మీది. వెనక నిలబడి మీరు చూసి ‘ఆపు’ అని కేక వేసేవారు. నేను ఏనాడూ తల పక్కకు తిప్పలేదు. చెరి సగం దాచుకుంటే ఏ ఒక్కడి నోరు జారినా గుంట బయటపడదని మన ఏర్పాటు. పెళ్లినాటి ప్రమాణాలకంటే దీన్నే శ్రద్ధగా పాటించానని మీ అక్క సిగ్నే నన్ను దెప్పేది.

పదేళ్లకు పైగా ఆ గుంట మన ఇద్దరిది. ఆ తర్వాత ఒక జూన్‌లో వెళ్లేసరికి సరిగ్గా దాని నెత్తిన క్లిఫ్ బార్లో అద్దె పడవ లంగరు వేసుకుని కూర్చుంది. అందులో పదహారుమంది టూరిస్టులు. సగంమంది పడవ అంచు మీదుగా వాంతి చేసుకుంటున్నారు, మిగతా సగం గాలాలు చిక్కులు పడేసుకుంటున్నారు. నడుంనొప్పి మాత్రలు అమ్ముకునే ఒకడు, నా తల్లి వయసున్న హాలిబట్ చేపను పైకి లాగి, దాని పక్కన బొటనవేలు పైకెత్తి నిలబడ్డాడు. మరుసటి ఏడు అలాంటి పడవలు అయిదు. ఇప్పుడు లెక్కపెట్టడం మానేశాను. పెద్దవన్నీ గుడ్లు పెట్టే ఆడవి. అవి పోయాయి. గుంట మిగిలింది.

రేవులో బార్లో కాలరు పట్టుకుని ఎవడు చెప్పాడని అడిగాను. ‘మీ బావాబావమరుదులే కదయ్యా చూపించారు!’ అని పళ్లికిలించాడు. నేను చూపించలేదు. ఇద్దరిలోంచి ఒకణ్ణి తీసేస్తే ఎవడు మిగులుతాడో, నా చరిత్ర క్లాసులో వెనక బెంచీ మీద నిద్రపోయేవాడు కూడా చెప్పగలడు. ఏ కోట కథ చదివినా బయటివాడు పగలగొట్టి వచ్చింది తక్కువ. లోపలినుంచి గడియ తీసినవాడు ఒకడు ఉంటాడు.

ఇప్పుడు మీ కార్డు వచ్చింది. కళ్లు పోతున్నాయని, వచ్చే శీతాకాలానికల్లా ఏమీ కనబడదని ఆంకరేజ్ డాక్టరు చెప్పాడని, పడవ అమ్మేసుకున్నారని, పూర్తిగా చీకటి పడకముందు ఒక్కసారి గుంటకు తీసుకెళ్లమని రాశారు. తీసుకెళతాను. ఒక్కటే షరతు. ‘గుంట సంగతి క్లిఫ్ బార్లోకి చెప్పినవాణ్ణి నేనే’ అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. బార్లో చచ్చిపోయాడు కాబట్టి మీకు పోటీగా సాక్ష్యం చెప్పేవాడు లేడు.

ఎల్డన్ రస్క్


సెల్డోవియా
మార్చి 19

బావా,

‘గారు’ చూసి ఎవరో చచ్చారనుకున్నాను. పోస్టాఫీసులో డోరిస్ కవరు ఇస్తూ, “ఏంటి ఆర్నే, కోర్టు నోటీసా?” అంది. “కాదమ్మా, మా బావ ప్రేమలేఖ” అన్నాను.

నీకూ నాకూ మధ్య పడవలో గంట దూరం. ముప్పై ఏళ్లుగా ఆ గంట దాటలేకపోయావు. అక్కని సాగనంపిన రోజు కూడా గొయ్యికి అటుపక్క నువ్వు, ఇటుపక్క నేను. నా మొహం చూడాల్సి వస్తుందని పాస్టర్ టోపీనే చూస్తూ నిలబడ్డావు. నాకు తెలుసులే.

నువ్వు చరిత్ర పాఠాలు చెప్పావు కాబట్టి నాకు ఒక లెక్క చెప్పు. నా దగ్గర ఉన్నది సగం. నీ ముందు గుర్తు ఏంటో ఈ రోజుకీ నాకు తెలీదు. నేను కూడా తల తిప్పలేదు బావా. నీ వీపు చూస్తూ పదేళ్లు నిలబడ్డాను, అదేమంత అందమైన వీపు కాదు. మరి సగం గుంట బార్లోకి ఎలా ఇస్తాను? సగం గొడుగు ఇచ్చినట్టా?

హాలిబట్ పిల్లగా ఉన్నప్పుడు దానికి అన్ని చేపల్లాగే అటొక కన్ను, ఇటొక కన్ను. ఎదిగేకొద్దీ ఒక కన్ను జరిగి జరిగి రెండోదాని పక్కకి వస్తుంది. ఇంక జన్మంతా ఒక పక్కే చూస్తూ బురదలో పడుంటుంది. నిన్ను తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ చేపే గుర్తొస్తుంది. నావి రెండు కళ్లూ పోతున్నాయి సరే, పోయేదాకా రెండు పక్కలా చూశాయి.

సంతకం పెట్టను. చెయ్యని పనికి పెట్టను. కానీ బావా, మొన్న మా కిటికీలోంచి రేవు చివర దీపస్తంభం కనబడలేదు. ఉందో లేదోనని నడిచి వెళ్లి చేత్తో పట్టుకుని చూశాను. ఉంది. నా పక్క గుర్తు కూడా అలాగే పోతుంది. దాన్ని ఇంకొక్కసారి చూడాలని ఉంది. చేప దొరక్కపోయినా సరే.

ఆర్నే


హోమర్
ఏప్రిల్ 11

ఆర్నే ఫోస్‌కి,

జాలి పుట్టించడానికి దీపస్తంభాన్ని కౌగిలించుకునే మనిషివి నువ్వు. నాకు పుట్టలేదు.

సగం గొడుగు సామెత బాగుంది. కానీ దొంగతనంగా తల తిప్పి చూసినవాడి దగ్గర పూర్తి గొడుగే ఉంటుంది. నువ్వు చూడలేదనడానికి నీ మాట తప్ప ఆధారం ఏమిటి? నీ మాట విలువ ఎంతో నేను ముందే రాశాను.

ఇక్కడ ఒక విశేషం. రేవులో ఆ గాలాల దుకాణం కూల్చేస్తున్నారు. దాని స్థానంలో ఐస్‌క్రీము అమ్ముతారట. నీరు గడ్డకట్టే ఊళ్లో ఐస్‌క్రీము తినడానికి విమానం ఎక్కి వచ్చే జాతిని గురించి నేను చదివిన ఏ చరిత్రలోనూ లేదు. గోడమీది ఫొటోలన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తూ, మనవి రెండూ నాకు ఇచ్చారు. మనిద్దరికీ ఒకే రోజు, ఒకే పోటు వేళలో, గంట తేడాతో పడిన ఆ రెండు పెద్ద చేపల ఫొటోలు. సిగ్నే తీసింది. నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. నేనే పెద్దవి చేయించి, ఫ్రేములు కట్టించి, దుకాణంలో గల్లాపెట్టె వెనక గోడకు పెట్టించాను. నాది పైన, నీది కింద. బరువు ప్రకారమే.

నీ ఫొటో గోనెపట్టా చుట్టి ఇచ్చారు. నేను విప్పలేదు. అప్పుడూ దానివంక చూడలేదు, ఇప్పుడూ చూడాలని లేదు. పడవ షెడ్డులో గోడకు తిప్పి పెట్టాను. నాది మాత్రం దీనితో పంపుతున్నాను. నీ చేపకంటే నా చేప పదకొండు పౌండ్లు ఎక్కువ. కళ్లు పూర్తిగా పోకముందు ఆ సంగతి ఒకసారి తనివితీరా చూసుకో. చూశాక తిరిగి పంపించు, గాజు పగలకుండా.

సంతకం పంపితే పడవ వస్తుంది.

ఎల్డన్


సెల్డోవియా
మే 2

బావా,

ఫొటో అందింది. ముందు నవ్వుకున్నాను. ఆ మీసమేంటి, ఆ నిలబడ్డమేంటి! చేపని నువ్వు పట్టినట్టు లేదు, కన్నట్టుంది.

ఇప్పుడు నేను ఏదైనా చూడాలంటే భూతద్దం పెట్టి, ముక్కుకి ఆనించుకుని, అంగుళం అంగుళం జరుపుకుంటూ చూడాలి. నీలాంటివాళ్లు ముందు మొహం చూస్తారు. నాకు ఆ వీలు లేదు, మూలనుంచి మొదలెట్టాలి. కుడిచేతి మూల నుంచి వస్తున్నాను. నీళ్లు. నీళ్లు. ఒక దిబ్బ. దాని పక్కన ఇంకో దిబ్బ. రెంటికీ మధ్య సందు. సందులో సరిగ్గా నడిమధ్యన మంచుకొండ కొన. దాని పక్కన నీ చెవి.

బావా, అది నా గుర్తు.

భూతద్దం తుడిచి మళ్లీ మూలనుంచి వచ్చాను, అదే. దిబ్బల సందులోకి కొన వచ్చినప్పుడు ‘ఆపు’ అనాలి. పదేళ్లు ఆ ఒక్క బొమ్మ కోసమే సముద్రం వంక చూశాను. అది నీ చెవి పక్కన, గాజు వెనక, దుకాణం గోడమీద, వచ్చే ప్రతి పడవవాడూ ఎర కొనుక్కుంటూ చూసేచోట, బార్లో గుంట మీదికి రాకముందే మూడేళ్లు వేలాడింది. నాకెందుకు కనబడలేదో తెలుసా? నీ బొమ్మ నేనెప్పుడూ చూళ్లేదు. దుకాణంలోకి వెళ్తే కింద నా బొమ్మే చూసుకునేవాణ్ణి. బాగుండేవాణ్ణి కూడా.

ఇంక నువ్వు షెడ్డులోకి వెళ్లు. గోనెపట్టా విప్పు. నా బొమ్మలో నేను పడవ ముక్కు దగ్గర నిలబడ్డాను. నా వెనక ఏముందో నాకు తెలీదు, తెలిసే వీల్లేదు. నీకు తెలుస్తుంది.

ఇంకో మాట. రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. అక్క ఏటా నా పుట్టినరోజుకి పొగబెట్టిన సాల్మన్ పట్టుకుని ఇక్కడికి వచ్చేది. అది నీకు తెలుసు. నీకు చెప్పనిది ఒకటుంది. బార్లో గుంట మీద కూర్చున్న ఏడు వచ్చినప్పుడు, చేప కోస్తూ కోస్తూ, “ఆ ఫొటోలు రెండూ ఇచ్చెయ్యమని అడిగానురా, దుకాణం ముసలాడు ఇవ్వనన్నాడు” అంది. “ఇంట్లో పెట్టుకుంటావా?” అన్నాను. “ఎక్కడో ఒకచోట, పక్కపక్కన కాకుండా” అంది. నాకప్పుడు అర్థం కాలేదు. మాట మార్చి బంగాళాదుంపల తొక్క తియ్యమంది.

ఆర్నే


హోమర్
మే 15

ఆర్నేకి,

నీ ఉత్తరం అందింది. ఒక్క గీత ఎవడికైనా దొరకవచ్చు. ఒక్క గీతతో గుంట దొరకదు. కాబట్టి నీ కథ సగమే. నీ అలవాటు ప్రకారం.

షెడ్డు తాళం తుప్పు పట్టింది. విప్పే ఉద్దేశం లేదు.

చనిపోయినవాళ్ల పేరు మీద మాటలు పుట్టించకు.

ఎల్డన్


సెల్డోవియా
జూన్ 6

బావా,

నీ తాళానికి నూనె చుక్క వెయ్యి.

నాకు టైము లేదు. ఎడమ కన్ను పోయింది. కుడికన్నులో మధ్యలో మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడుతోంది. నీకు కావలసింది నిజం కాదని నాకు అర్థమైంది, గెలుపు కావాలి. పట్టుకో. కింద రాశాను, పెద్ద అక్షరాల్లో, డోరిస్ ఎదురుగా సంతకం పెట్టాను. పెడుతుంటే ఆవిడ, “సిగ్గులేదా ఆర్నే, చెయ్యని తప్పు ఒప్పుకుంటావా?” అంది. “ఆ మనిషికి ఇంక వేరే ఆస్తి లేదమ్మా, ఇచ్చేద్దాం” అన్నాను.

గుంట సంగతి క్లిఫ్ బార్లోకి చెప్పినవాణ్ణి నేనే.
ఆర్నే ఫోస్

చాలా? ఫ్రేము కట్టించుకో. నీది పైన, నాది కింద.

ఇప్పుడు పడవ తీసుకురా.


హోమర్
జూన్ 18

ఆర్నేకి,

వచ్చే శుక్రవారం పోటు తొమ్మిదిన్నరకు ఆగుతుంది. నీళ్లు నిలబడేది అరగంటే. ఎనిమిదింటికి మీ రేవులో ఉంటాను. అప్పటికి నువ్వు బూట్లు తొడుక్కుని ఉండాలి. ఎర నువ్వే తీసుకురా. హెర్రింగ్ వద్దు, గాలానికి నిలవదు. ఆక్టోపస్ ముక్కలు కోసి, ఉప్పు వేసి తీసుకురా. చిన్న ముక్కలు కొయ్యకు, నీకు ఆ రోగం ఉంది.

నీ కాగితం పొయ్యిలో వేశాను. అంత నాసిరకం అబద్ధం నా దగ్గర ఏ పిల్లవాడు రాసినా సున్నా వేసేవాణ్ణి.

షెడ్డు తెరిచాను. నీ తల వెనక ఎర్రగా విరిగిపడిన కొండచరియ. దాని కింద, సరిగ్గా మధ్యన, పన్నులాంటి రాయి.

ఇప్పుడు నా ముందు గుర్తు ఏమిటో నీకు తెలిసింది. ఎవరికీ చెప్పకు.

ఎల్డన్


సెల్డోవియా
జూలై 1

బావా,

ఒళ్లు నొప్పులు తగ్గాక రాస్తున్నాను. నీ పడవలో కూర్చోవడానికి ఒక మెత్తని వస్తువు కూడా లేదు. అక్క పోయాక దిండ్లు కూడా పారేశావా?

నాకు గుర్తున్నవి రాస్తాను. రాయడం ఎక్కువ రోజులు సాగేలా లేదు.

గుంట మీద ఎన్ని పడవలో నాకు కనబడలేదు, చెవులకి తెలిసింది. అన్ని ఇంజన్లు, అన్ని రేడియోలు. ఒక అద్దె పడవలోంచి కుర్రాడెవడో, “తాతలూ, మీకు జీపీఎస్ లేదా? దారి తప్పారా?” అని అరిచాడు. నువ్వు వాణ్ణి, “నీ గాలానికి పడింది నీ బూటే నాయనా, నెమ్మదిగా లాగు” అన్నావు. వాడు నిజంగానే కిందికి చూసుకున్నాడట. నీ నవ్వు ముప్పై ఏళ్లకి విన్నాను. మారలేదు, తలుపు కీచుమన్నట్టే ఉంది.

తర్వాత నువ్వు చుక్కాని పట్టుకున్నావు. నేను వెనక నిలబడ్డాను, పాత చోటే. పడవ నెమ్మదిగా పోతోంది. దిబ్బలు కనిపించాయి, మసగ్గా, రెండు మరకల్లాగా. మధ్యలో సందు వెతికాను. కొండ వెతికాను. బావా, నాకక్కడ తెల్లటి ఆకాశం తప్ప ఏం లేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఆ ఒక్కటీ చూద్దామని వచ్చాను, అదే లేదు. నీకు చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి అంటావని నోరు మూసుకుని నిలబడ్డాను.

అప్పుడు నీ గొంతు నా వైపు తిరిగి వినబడింది. “ఇంకా రాలేదు,” అన్నావు. “కుడి దిబ్బ వెనక ఉంది. వస్తోంది. అంచు దాటింది. కొన మీద ఎండ పడుతోంది, గులాబీ రంగుగా ఉంది. ఇప్పుడు సందులో సగం. ఇప్పుడు... అరవరా, వెధవా.”

“ఆపు!” అని అరిచాను.

నా గుర్తు చూడనని మాటిచ్చావు. నలభై ఏళ్లు నిలబెట్టుకున్నావు కూడా. శుక్రవారం తప్పావు. ఈ ముక్క నీ మొహం మీద అందామని తిరిగొచ్చే దారంతా అనుకున్నాను గానీ, ఈలోగా రేవు వచ్చేసింది.

పడింది ఒక్క చేప, పళ్లెం కంటే కొంచెం పెద్దది. మన కాలంలో ఎరకి వాడేవాళ్లం అలాంటిదాన్ని. తెల్లటి పొట్ట పైకి తిప్పి పడుకోబెడితే కదలకుండా పడుంది. వదిలేద్దామా అంటే, “పెద్దవాటిని వదలనివాళ్ల మధ్య చిన్నదాన్ని వదిలి ఎవరికి పాఠం చెప్పాలి?” అన్నావు. డోరిస్ వెన్నలో వేయించి పెట్టింది. బాగుంది. పెద్దవాటికంటే అవే రుచి, ఎప్పుడూ.

ఒక్కటి అడుగుతాను, తిట్టకు. నేను కాదని తేలింది. ఇప్పుడు ఎవరిని అంటావు? బార్లోనా? ఫ్రేము కట్టించినవాణ్ణా? నేనైతే ఎవర్నీ అనదలుచుకోలేదు. తీరికా లేదు.

ఆర్నే

ఈ ఉత్తరం చివర్లో అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే సర్దుకో.


హోమర్
ఆగస్టు 9

ఆర్నేకి,

దీన్ని డోరిస్ చేత చదివించుకుంటావని తెలుసు. డోరిస్, ఇది చదివాక మరిచిపో. కుదరకపోతే కనీసం రేవులో చెప్పకు.

ఫొటోలు రెండూ వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. నాలుగు వారాలుగా అక్కడే తింటున్నాను. ఫ్రేము కట్టించినవాడు ఎవరో నాకు తెలుసు. నువ్వు గుర్తు చేయనక్కరలేదు. వాడు తన ముఖం తప్ప ఏదీ చూడని మూర్ఖుడు, వాడి సంగతి నేను చూసుకుంటాను. బార్లో దొంగ, కానీ అబద్ధం చెప్పలేదు. మీరిద్దరే చూపించారన్నాడు. నిజమే చెబుతున్నాడని నమ్మలేనంత చదువు చదివాను నేను.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. చేపలను రేవులో కొక్కేనికి వేలాడదీసి ఫొటో తీయించుకుందామన్నాను. సిగ్నే ఒప్పుకోలేదు. “అక్కడ అందరూ తీయించుకుంటారు. ఇక్కడే నిలబడండి, మీ సముద్రంలో” అంది. నిన్ను ముక్కు దగ్గర పెట్టింది. నన్ను పక్కన పెట్టి, “కాస్త ఎడమకు జరుగు, ఎల్డన్. నీ వెనక కొండ బాగుంది” అంది. ఇద్దరు పెద్దమనుషులు సముద్రాన్ని చెరి సగం దాచుకున్నారని ఆమెకు ఎప్పుడూ నవ్వే. ఆమె ఎవరికీ మాటివ్వలేదు, ఎటైనా చూడవచ్చు. కొండ బాగుందని చూసింది. అందులో తప్పు లేదు. ఆ ఫొటోను నేను తప్పు పట్టను.

బార్లో వచ్చిన ఏడు ఆమెకు అర్థమైంది. దుకాణానికి వెళ్లి అడిగింది, వాడు ఇవ్వలేదు. ఇంటికి వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను నిన్ను తిట్టాను. ఆమె బంగాళాదుంపల గిన్నె నా వైపు జరిపింది. ఆ తర్వాత పాతికేళ్లు, ప్రతి జూన్‌లో, మొదటి అద్దె పడవ రేవు దాటగానే నేను నిన్ను తిట్టేవాణ్ణి, ఆమె గిన్నె జరిపేది. ఒక్క మాట చాలు. ‘ఎల్డన్, ఫొటో చూడు.’ అంతే. ఆమె చెప్పలేదు. ఏటా ఒక రోజు సాల్మన్ మూట కట్టుకుని నీ దగ్గరకు వచ్చి, మిగతా రోజులు నా ఎదురుగా కూర్చుంది.

ఎందుకో ఇప్పుడు తెలుసు. చెబితే నేను నన్నే తిట్టుకోవలసి వచ్చేది. అది నేను భరించలేనని ఆమెకు తెలుసు. నిన్ను తిట్టుకుంటే నాకు హాయిగా నిద్ర పట్టేది. తమ్ముణ్ణి ఇచ్చి మొగుడి నిద్ర కొన్నది. నన్ను అడగలేదు, నిన్నూ అడగలేదు.

ఆ శుక్రవారం నీ గుర్తు చూశాను. అందమైన గుర్తు. ముప్పై ఏళ్ల పాటు ప్రతి వేసవీ నువ్వు నా వెనక నిలబడి ‘ఆపు’ అని అరవవలసింది. గుంటలో చేపలున్నా లేకపోయినా.

వచ్చే నెల పదకొండున పొద్దున్నే పోటు ఆగుతుంది. వస్తాను. కనబడకపోయినా వెనక నిలబడు. నేను చెబుతాను, నువ్వు అరవాలి. దిండు తెస్తాను.

ఎవరిని అంటావని అడిగావు. నిన్ను కాదు. బార్లోను కాదు. సమాధి రాయి మీద పేరు చెక్కించిన చేత్తోనే ఇక్కడా రాస్తున్నాను, ఇంకొకరికి చెప్పను, అనడం మానను కూడా.

సిగ్నేని.